బోంగ మ్రోగిన పేట

గడచిన కష్టమును తలచుకొని మనసు మురియుట సహజము. కాని ఆ కష్టమును మోసినవారొకరును, దానిని తలచి మురియువారు మరొకరును అయినపుడు, ఆ మురిపెము న్యాయమగునా? తాతముత్తాతల నాడే పరప్రాంతములకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములకు ఈ ప్రశ్న ఎన్నడో ఒకనాడు ఎదురగును. నాకది బొంబాయి మిల్లుపేటను గూర్చి ఎదురైనది.

1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ బొంబాయిలో తొలి నూలుమిల్లు కంపెనీని స్థాపించెను. అటుపిమ్మట పరేలు, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతములు మిల్లులతో నిండి ‘గిరణ్‌గావ్’, అనగా మిల్లుల ఊరు, అని పేరొందినవి. కొంకణమునుండి వచ్చిన మరాఠీ శ్రామికులతో పాటు కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలును బ్రతుకుతెరువు వెదకుకొనుచు అచ్చటికి చేరిరి. ఇంటి మగ్గము పెట్టలేని కూడు పరాయి ఊరి సాంచె పెట్టినది.

నా బాల్యము అచ్చటి యొక చాలీలో గడచినది. వరుసగా ఒంటిగది కాపురములు, వాని ముందు పొడవైన వసారా. తెల్లవారకమునుపే మిల్లు బోంగ మ్రోగెడిది. నల్లా వద్ద బిందెల వరుసలో తెలుగును మరాఠీయు కలిసిపోయెడివి. పగటి షిఫ్టువారు లేచిన చాపపై రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవారు పరుండెడివారు. బతుకమ్మ దినములలో తంగేడు దొరకక, దాదరు పూలబజారు బంతిపూలతోనే మా తల్లి బతుకమ్మను పేర్చెడిది. కొంకణపు స్త్రీలును వచ్చి చప్పట్లు కలిపెడివారు. పగటివేళ ఏ తలుపును మూసియుండెడిది కాదు.

చాల యేండ్ల క్రిందట నేనీ ముచ్చటలు పిల్లలకు తీయగా చెప్పుచుండగా మా తండ్రిగారు విని, కొంతసేపు దగ్గి, ఇట్లనిరి: “బోంగ నీకు పాట లెక్క యినబడ్డది బిడ్డా. నాకైతే గేటు మూస్తరేమోనని గుండె దడదడ కొట్టుకునేది.” ఆ దగ్గు మిల్లులో ముప్పది యేండ్లు పీల్చిన దూదిధూళి మిగిల్చిన దగ్గు. నేను సిగ్గుపడితిని. మా తలుపు తెరచియుండుటకు ఔదార్యమొక్కటే కారణము కాదు. పదిమంది పరుండు గదిలోనికి గాలి రావలెనన్న తలుపు తీయక తప్పదు. చాపను పంచుకొన్నది రెండవ చాపకు చోటు లేకనే.

అట్లని ఆ స్నేహమంతయు బూటకమనవచ్చునా? అనరాదు. లేమి మనుష్యులను కలుపవచ్చును, విడదీయనువచ్చును. నల్లా ఒక్కటే అయినచోట కలహమే పుట్టవలసినది. వరుసలో నిలిచి, ముసలమ్మ బిందెను ముందు నింపనిచ్చినది ఆ మనుష్యుల మంచితనము. మేము హాయిగా అనుభవించిన ఆదివారమును అట్టిదే. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున శ్రామికులు పట్టుపట్టగా, 1890లో మిల్లులకు ఆదివారపు సెలవు లభించెను. కావున తలచి మురియదగినది కష్టమును కాదు, కష్టములో ఉండియు వారు సాధించుకొన్న మర్యాదను.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున రెండు లక్షలకు పైగా మిల్లు శ్రామికులు సమ్మెకు దిగిరి. అది ఏడాదికి మించి సాగి, గెలుపు లేకయే సన్నగిల్లెను. వేలకొలది మందికి మరల మిల్లుపని దొరకలేదు. తరువాతి యేండ్లలో మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. నేడు ఆ నేలపై అంగడిసౌధములును ఆకాశమునంటు మేడలును లేచియున్నవి. కొన్నిచోట్ల పాత పొగగొట్టమును అలంకారముగా నిలిపి యుంచినారు. పొగ లేదు గనుక చూచుటకది అందముగా నున్నది. మా తండ్రిగారి దగ్గును విడిచి నేను చెప్పుకొన్న ముచ్చటలును అట్టి అందమే గదా!

మన పెద్దలు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములు చెప్పిరి. పితృఋణము తద్దినముతోనే తీరునా? వారు పడినపాట్లు నేడెవరు పడుచున్నారో కనుగొనుటయు అందొక భాగమని నాకు తోచును. నేడును మహానగరములలో కట్టడపు పనులకై దూరప్రాంతములనుండి వచ్చిన కూలీలు ఇరుకు గదులలో క్రిక్కిరిసి నిద్రించుచున్నారు. వారి భాష మనకు రాదు. నాడు మన తాతల భాషయు ఆ ఊరివారికి రాదు.

మా తండ్రిగారు ఇప్పుడు లేరు. మా ఇంటి తలుపు అందరి తలుపులవలెనే మూసియుండును. పోయిన వేసవిలో ప్రక్కన మేడ కట్టుచున్న కూలీల ఆడువారు బిందెలతో మా గేటు వద్ద నిలిచిరి. మొదట నేను సందేహించితిని. పిదప గేటు తీసి నల్లా చూపితిని. వారిలో నొకతె, వెనుకనున్న ముసలమ్మ బిందెను ముందుకు జరిపినది. పాత వసారాను తలచుకొని మురియుటకు నాకు కొంత హక్కు కలిగినట్లు ఆనాడు తోచినది.