పట్టేసిన బ్రేకు, అవయవి వాదం

పాత మోటారు సైకిలు బ్రేకు పట్టేసినప్పుడు ఉన్న భాగాలనే విప్పి, తుడిచి, మళ్లీ బిగించాలా, లేక వాటిని తీసివేసి కొత్తవి వెయ్యాలా అన్నది పైకి ఖర్చుకు సంబంధించిన లెక్కగానే కనిపిస్తుంది గాని, భాగాలు మారిన తరువాత కూడా వస్తువు అదేనా అని భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి నడిపిన వాదం ఆ లెక్కలో దాగి ఉంది. మిరప, పత్తి, పొగాకు పండే పొదిలి వంటి మెట్టప్రాంతంలో పొలంబాటల దుమ్ము తిని, ఆపై వానాకాలమంతా పాకలో కదలకుండా నిలిచిన బండికి బ్రేకు పట్టేయడం సహజమే. ఆ బండి తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన బుల్లెట్టో రాజ్‌దూతో అయితే, కొత్త సామాను వెయ్యడానికి మనసు వెనుకాడుతుంది.

డ్రమ్ము బ్రేకులో, తొక్కుడు వల్ల కదిలిన కడ్డీ క్యామ్ అనే చిన్న ఇరుసును తిప్పుతుంది. అది అర్ధచంద్రాకారపు షూలు రెండింటినీ విడదీసి, వాటికి అంటించిన లైనర్లను తిరిగే డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుతుంది. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. గ్రీజు ఎండి, దుమ్ము చేరి, తుప్పు పట్టినప్పుడు క్యామ్ తన గూటిలో బిగుసుకుంటుంది. అప్పుడు బ్రేకు పడనైనా పడదు, పడితే వదలనైనా వదలదు. ఇనుప క్యామ్‌ను కిరసనాయిలులో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త గ్రీజు పూసి చాలాసార్లు బతికించుకోవచ్చు. లైనరు సంగతి వేరు, ఎందుకంటే అరగడమే దాని పని.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం ద్వారా తరతరాల విద్యార్థులకు పరిచయమైన న్యాయవైశేషిక మతం ప్రకారం, అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన వస్తువు, భాగాల కుప్ప మాత్రమే కాదు. వాటికంటె వేరైనదై, సమవాయం అనే విడదీయరాని సంబంధంతో వాటిలో ఉంటుంది. బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి, ఖండపటమనే మరో బట్ట పుడుతుందని, "ఇది అదే" అన్న గుర్తింపు దీపజ్వాల విషయంలో వలె సజాతీయత వల్ల కలుగుతుందని ఆ మతం వారు సమర్థిస్తారు. ఈ లెక్కన, లైనరు ప్రతి తొక్కుకూ ఇంత పొడి రాలుస్తుంది గనుక, బండి పొలం నుంచి ఊళ్లోకి వచ్చేలోగా ఎన్ని జన్మలెత్తుతుందో చెప్పడం కష్టం. రవాణా శాఖ ఇంత సూక్ష్మంలోకి పోదు. షూలు ఎన్నిసార్లు మారినా దాని రికార్డులో ఛాసిస్ సంఖ్య మారదు. దీనికి తిరగేసిన ఉదాహరణ పొదిలి: 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లాలోని ఆ తాలూకా అందులో చేరింది, అవయవం అలాగే ఉండగా మారినది అవయవి.

న్యాయవైశేషికులకు ఎదురుగా బౌద్ధుల పక్షం ఉంది. మిళింద రాజుతో సంవాదంలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు, ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, వాటి సముదాయమూ కాదని ఒప్పించి, రథమన్నది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరని తేల్చాడు. అయితే ఇక్కడ మరింత పనికివచ్చేది బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి చెప్పిన అర్థక్రియాకారిత్వం, అనగా ఏదో ఒక కార్యాన్ని కలిగించగల శక్తి ఉండటమే సత్తకు లక్షణమన్న సిద్ధాంతం. దానిని బ్రేకుకు వర్తింపజేస్తే విచిత్రమైన ఫలితం వస్తుంది: తయారైననాటి భాగాలన్నీ ఉండి పట్టేసినది పేరుకే బ్రేకు, ప్రతి భాగమూ కొత్తదై చక్రాన్ని ఆపగలిగినదే అసలైన బ్రేకు. పాతదనాన్ని పదార్థంలో వెతికేవారికి ఇది రుచించదు గాని, ఆపవలసిన పరికరం విషయంలో ఇంతకంటె సరైన కొలబద్ద దొరకదు.

ఆలయ విధులను చెప్పే ఆగమాలు ఈ చిక్కును వాదంతో కాక క్రియతో విప్పాయి. మూలవిరాట్టును పీఠానికి పట్టి ఉంచే అష్టబంధనం, అంటే లక్క, గుగ్గిలం, మైనం మొదలైన ఎనిమిది ద్రవ్యాల ముద్ద, కాలక్రమంలో సడలిపోతుంది. అప్పుడు మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలికమైన బాలాలయంలో పూజిస్తూ, బంధనాన్ని కొత్తగా వేసి, శక్తిని తిరిగి మూర్తికి చేరుస్తారు. సంప్రోక్షణ అనే ఈ క్రియ తిరుమలలో పన్నెండేళ్లకొకసారి జరుగుతుంది; 2018 ఆగస్టులో జరిగింది. బంధనం మారినందువల్ల దేవుడు మారాడని ఏ భక్తుడూ అనుకోలేదు. అరిగే ద్రవ్యాన్ని అరిగేదిగానే గుర్తించి, నిలిచేదాని నుంచి వేరుచేయడంలో ఆగమకారుల వివేకం ఉంది. క్యామ్‌ను తుడిచి ఉంచుకుని లైనరును మార్చే మెకానిక్కుదీ అదే విభజన.

తండ్రి జ్ఞాపకం కోసం పాత లైనరునే ఉంచాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. వెనుక మిరపబస్తా కట్టుకుని వస్తున్న బండి ఆగకపోతే దెబ్బ తగిలేది ఆ జ్ఞాపకంతో సంబంధం లేని బాటసారికి. పైగా తండ్రి కాలి కింద అరిగిన లైనరులో చాలా భాగం ఇప్పుడు షూ మీద లేదు. డ్రమ్ము అడుగున నల్లటి పొడిగా ఉంది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ కలిసేది గనుక, విప్పినవారు ఆ పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి తీయాలి.