క్షేత్రమా, క్షేత్రజ్ఞురాలా? సరోగసీ తల్లి ఆరోగ్య అర్హతలపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో ‘కన్నతల్లి’, ‘పెంచిన తల్లి’ అనే మాటలు వేర్వేరుగా ఉన్నాయి. దేవకీ యశోదల కథ ఆ భేదాన్ని మనకు సుపరిచితం చేసింది. ‘మోసిన తల్లి’ అన్న మాట మాత్రం విడిగా స్థిరపడలేదు. నవమాసాలు మోయడం, కనడం, తన బిడ్డ అనుకోవడం ఒకే స్త్రీకి చెందినవిగా భాష భావించింది. దేవకి గర్భస్థ శిశువు రోహిణి గర్భాన్ని చేరి బలరాముడుగా జన్మించడం దీనికి మినహాయింపు. అయితే అది యోగమాయ చేసిన పని. రోహిణి ఆరోగ్యాన్ని, అంగీకారాన్ని ప్రశ్నించవలసిన అవసరం ఆ కథకు కలగలేదు.

వైద్యశాస్త్రం సాధ్యం చేసిన సరోగసీలో ఆ ప్రశ్న తప్పదు. పత్రికలు దీనిని ‘అద్దె గర్భం’ అంటున్నాయి. చట్టం అద్దెను నిషేధించిన తరువాత కూడా ఆ మాట నిలిచే ఉంది. ఇల్లు అద్దెకు తీసుకునేవారు గోడలు, నీటి వసతి చూసుకుంటారు. స్త్రీ ఆరోగ్యాన్ని పరీక్షించడం కూడా అటువంటిదేనా? ఆమె ఆరోగ్యవంతురాలై ఉండాలని కోరుతున్నది ఎవరి కోసం? ఈ వ్యాసం ఈ ప్రశ్నను పరిశీలిస్తుంది.

చట్టం విధించిన అర్హతలు

సరోగసీ నియంత్రణ చట్టం, 2021 మరుసటి సంవత్సరం జనవరి 25న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సరోగసీ తల్లి కాదలచిన స్త్రీకి వివాహమై ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే నాటికి ఆమె వయస్సు 25, 35 సంవత్సరాల మధ్య ఉండాలి. ఆమె తన అండాన్ని ఇందుకు ఇవ్వరాదు. జీవితంలో ఒక్కసారే సరోగసీకి అవకాశం. శారీరకంగా, మానసికంగా తగినదన్న వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. వైద్య వ్యయం, బీమా, నిర్దేశిత ఖర్చులు తప్ప ప్రతిఫలం తీసుకోకూడదు. ప్రసవానంతర సమస్యలకు 36 నెలల బీమా ఉండాలి. 2022 నాటి నియమాలు ప్రయత్నాలను మూడింటికి పరిమితం చేశాయి. సాధారణంగా ఒక్క పిండాన్నే ప్రవేశపెట్టాలని, ప్రత్యేక పరిస్థితుల్లో మూడింటిని మించరాదని అన్నాయి.

వైద్యులు వీటికి తోడు రక్తపోటు, మధుమేహం, థైరాయిడ్, రక్తహీనత, హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటివి పరీక్షిస్తారు. గర్భాశయ స్థితిని, పూర్వ ప్రసవాల చరిత్రను చూస్తారు. పొగాకు, మద్యం ఉండరాదంటారు. ఈ జాగ్రత్త నిష్కారణమైనది కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర ప్రసవాలపై 2024లో ప్రచురితమైన అధ్యయనంలో తీవ్రమైన మాతృ అనారోగ్యం సహజ గర్భధారణలో 2.3 శాతం, ఐవీఎఫ్‌లో 4.3 శాతం, సరోగసీలో 7.8 శాతంగా తేలింది. పరాయి బిడ్డను మోయడంలో ప్రమాదం తన బిడ్డను మోసినప్పటికంటె అధికం కాగలదు.

రెండు ముఖాల నిబంధన

పై నిబంధనలు చూడటానికి ఒకే వరుసలో ఉన్నా ఒకే జాతివి కావు. ఒక్కసారే అన్న పరిమితి, ఒక్క పిండం, మూడేళ్ల బీమా ఆమె కోసం ఏర్పడ్డవి. వీటిని మీరితే నష్టపోయేది ఆమె. ఆహార నియమం, మద్యనిషేధం, ప్రయాణ నిషేధం వంటివి ప్రధానంగా శిశువు కోసం, శిశువును కోరుకునేవారి కోసం ఉద్దేశించినవి. రెండవ జాతివి తప్పని చెప్పడం లేదు. తన బిడ్డ కోసం ఏ తల్లి అయినా కొన్ని వదులుకుంటుంది. కాని ఆ నియమాన్ని పాటించేది, సడలించుకునేది, దాని బరువు తెలిసినది ఆమే. సరోగసీలో పాటించేది ఒకరు, కాపలా కాసేది మరొకరు. నియమం అక్కడే నిఘాగా మారుతుంది.

మన నగరం ఈ పరిణామాన్ని చూసింది. 2017 జూన్‌లో హైదరాబాదులోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పోలీసులు సోదా చేసినప్పుడు 46 మంది సరోగసీ మహిళలు ఒకే చోట కనిపించారు. నాటికి ప్రతిఫలంతో కూడిన సరోగసీపై నిషేధం లేదు. ఇంటికి, పిల్లలకు దూరంగా ఒకే కప్పు కింద ఉంచడాన్ని ఆరోగ్య సంరక్షణగా సమర్థించడం తేలిక. నిషేధం వచ్చిన తరువాత, 2024 నవంబరులో, ఇదే నగరంలో ఒడిశా నుంచి సరోగసీ కోసం తీసుకువచ్చిన ఒక యువతి బహుళ అంతస్తుల భవనం నుంచి పడి మరణించింది. ఆమెను బిడ్డను కోరినవారి ఇంట్లోనే ఉంచారని, భర్తకు వేరుగా బస ఏర్పాటు చేశారని వార్తలు వెలువడ్డాయి. ఆమె రక్తపరీక్షలన్నీ సవ్యంగానే ఉండి ఉండవచ్చు. బయటకు నడిచి వెళ్లగల స్వేచ్ఛను కొలిచే పరీక్ష ఏ వైద్యశాలలోనూ లేదు.

ప్రతిఫలం లేని సరోగసీలోనూ ఒత్తిడి మాయం కాదు. అది కుటుంబంలోకి మారుతుంది. ఆడబిడ్డ కోసమో, తోడికోడలి కోసమో ముందుకు రమ్మని అత్తమామలు అడిగితే కాదనగల కోడలు ఎంతమంది? ఇటువంటి చోట వైద్య పరీక్షకు అనుకోని నైతిక ప్రయోజనం ఒకటి ఉంది. నోటితో కాదనలేని స్త్రీకి ‘తగదు’ అన్న వైద్యుని మాట ఆశ్రయం కాగలదు. అందుకు వైద్యుడు ఆమెను ఒంటరిగా కలవాలి. ఆమె చెప్పిన కారణాన్ని గోప్యంగా ఉంచాలి. పిండ ప్రవేశానికి ముందు అంగీకారాన్ని ఉపసంహరించుకునే హక్కును చట్టం ఇచ్చింది. ఆ హక్కు నిజం కావలసింది ఆ గదిలోనే.

జహీరాబాద్ నేలపై

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం రక్తహీనత గలవారు. అంటే సగానికి పైగా స్త్రీలు మొదటి పరీక్షలోనే ఆగిపోవచ్చు. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని ఆ రక్తం, ఇతరుల బిడ్డ ఆమె కడుపులో పడబోతున్నదనగానే అందరికీ ముఖ్యమవుతుంది. ఈ లోపం సరోగసీకే పరిమితం కాదు. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం అంగన్‌వాడీలో పూట భోజనం, పాలు, గుడ్డు గర్భిణికి, బాలింతకు ఇస్తుంది. అది మంచి పథకం. అయినా స్త్రీ ఆకలి గర్భం ద్వారానే సమాజానికి కనిపిస్తున్నదన్న సత్యాన్ని అది కూడా సూచిస్తుంది.

దీనికి భిన్నమైన దృష్టి జహీరాబాద్ పరిసరాల్లో ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాల సభ్యులు ఎక్కువగా దళిత, పేద రైతు స్త్రీలు. వారు జొన్న, కొర్ర, సామ, కంది వంటి పంటలను ఒకే చెలకలో కలిపి పండించారు. విత్తనాన్ని ఇళ్లలో దాచి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు. ఏది విత్తాలో, ఏది తినాలో తామే నిర్ణయించారు. మాచ్‌నూరులో వారి సంఘం రేడియో 2008 నుంచి వారి గొంతునే వినిపించింది. ఇక్కడ పోషకాహారం ఎవరో పెట్టిన షరతు కాదు. అది తన పొలంపై, తన దేహంపై స్త్రీ నిర్ణయానికి కొనసాగింపు.

ఈ ఉదాహరణ ఒక పాత ఉపమానాన్ని పరీక్షకు పెడుతుంది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం బీజం గొప్పదా, క్షేత్రం గొప్పదా అని చర్చించి బీజానికే ప్రాధాన్యం ఇచ్చింది. బీజం కలవాడికి, క్షేత్రం కలవాడికి మధ్య ఒప్పందాన్ని కూడా ఊహించింది. ఆ చర్చలో మాట్లాడే హక్కు లేనిది క్షేత్రమే, అంటే స్త్రీయే. సరోగసీ ఒప్పందాలలో దంపతులు, వైద్యులు మాట్లాడుతుండగా ఆమె నివేదికలు మాత్రమే పలికితే మనం ఆ చర్చను దాటి రాలేదన్నమాట. జహీరాబాద్ రైతు స్త్రీ క్షేత్రం కాదు. క్షేత్రాన్ని ఎరిగినది. భగవద్గీత పదమూడవ అధ్యాయం దేహాన్ని క్షేత్రమని, దాన్ని ఎరిగినవారిని క్షేత్రజ్ఞులని వేరు చేసింది. ఆ మాటను దాని తాత్త్విక సందర్భం నుంచి కొంత దూరం తెచ్చి వాడుకుంటే, సరోగసీ తల్లి తన దేహానికి క్షేత్రజ్ఞురాలు.

ముగింపు

ఈ దృష్టితో చూస్తే ఆరోగ్య అర్హతలు సడలవు, వాటి దిశ మారుతుంది. ప్రతి నిబంధనను ఒకే ప్రశ్నతో తూచవచ్చు: ఈ స్త్రీ రేపు సరోగసీ వద్దనుకున్నా ఈ శ్రద్ధ ఆమెకు దక్కుతుందా? రక్తహీనత కనబడిన స్త్రీని తిప్పి పంపడం కాదు, ఆమెకు చికిత్స అందించడం వైద్యధర్మం. ఏమి తినాలో చెప్పే నియమాన్ని ఆమెకు తెలిసిన భాషలో, కారణంతో సహా చెప్పాలి. ఎక్కడ ఉండాలో నిర్ణయం ఆమెకే వదలాలి. ప్రసవంతో బిడ్డ చేతులు మారినా, 36 నెలల బీమా కాగితం మీద మిగలకుండా ఆమె వెంట నడవాలి. బిడ్డ కోసం తపించే దంపతుల దుఃఖం నిజమైనదే. ఆ దుఃఖాన్ని తీర్చే స్త్రీ ఆరోగ్యం కూడా అంత నిజమైనదిగా, ఆమె సొంతమైనదిగా ఉన్నప్పుడే ‘మోసిన తల్లి’ అన్న మాటకు మన భాషలో గౌరవమైన చోటు దొరుకుతుంది.