వాకిలి దగ్గర మనిషి

చిరంజీవి మనవడికి,

అబ్బీ, నీ జాబు అందింది. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లను ఒక సాయంత్రం ఒకచోట చేర్చి పరిచయాలు కలపాలనుకుంటున్నానని రాశావు. జిన్నింగు మిల్లుల వాళ్లు, నూనె మిల్లుల వాళ్లు, చేనేత వాళ్లు, చదువు ముగించి సొంతంగా ఏదో మొదలుపెట్టిన పిల్లలు. చదివి సంతోషపడ్డాను. వెంటనే మనసులో ఒక పాత సంగతి కలుక్కుమంది.

నేను పత్తి మండీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఇలాంటి సాయంత్రమే ఒకటి జరిగింది. ఏర్పాట్లన్నీ నావే. పెద్దవాళ్లకు ముందు వరుస కుర్చీలు, దండలు, శాలువాలు. ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడు చేతిసంచిలో రెండు దుప్పట్లు పెట్టుకుని వచ్చాడు, కొనేవాళ్లెవరైనా కలుస్తారేమోనని. నేను పిలిస్తేనే వచ్చాడు. పిలిచినవాణ్ని, సభ అయ్యేదాకా ఆయన వైపు కన్నెత్తి చూడలేదు. వాకిలి దగ్గరే నిలబడి, ఆఖరు బస్సు వేళకు వెళ్లిపోయాడు. సంచి విప్పనే లేదు. అది నేను చేసిన తప్పు, ఇంకెవరిదీ కాదు.

మన మార్కెట్లో ముఖపరిచయం అంటే ఏమిటో నీకు తెలుసు. పత్తికి వేలంలో ధర పలకడం ఒక ఎత్తు, విత్తనాలకో ఆసుపత్రికో అవసరమైనప్పుడు అప్పు పుట్టడం ఇంకో ఎత్తు. ఆ అప్పు చాలాసార్లు కాగితం చూసి కాదు, మనిషిని చూసి పుడుతుంది. కాబట్టి ముందే పదిమందికి తెలిసినవాళ్లను మళ్లీ పదిమందికి చూపించే సభ ఎవరికి కావాలి? ఎవరూ తెలియనివాడి కోసం పెట్టు నీ సభ.

రోటరీ క్లబ్బు కథ ఇక్కడ నీకు పనికొస్తుంది. పల్లెటూరి నుంచి వచ్చి షికాగోలో లాయరుగా స్థిరపడిన పాల్ హారిస్‌కు సొంత ఊరి స్నేహాలు అక్కడ దొరకలేదు. 1905 ఫిబ్రవరి 23న నలుగురు కూర్చున్నారు: ఆయన, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ. ఒకరి తర్వాత ఒకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్లు కాబట్టే ఆ క్లబ్బుకు రోటరీ అన్న పేరు. ఆ నలుగురిలో దర్జీ ఉన్నాడన్న సంగతి గుర్తుంచుకో.

అంతదూరం ఎందుకు, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూలు కోసం ఒక గడప, అమ్మకానికి ఇంకో గడప ఎక్కే మగ్గాల వాళ్లు కలిసి నూలు తెచ్చుకుని, కలిసి అమ్ముకోవడమే సహకారం. మన నేల మీద పరిచయానికి అంతకంటే పెద్ద రూపం నేను చూడలేదు.

ఇక పని సంగతి. అక్టోబరు నుంచి సంక్రాంతి దాటేదాకా పెట్టుకోకు. పత్తి దిగే రోజుల్లో మండీవాళ్లు కాటా దగ్గర నుంచి కదలలేరు. జనవరిలో ఎమ్మిగనూరు వాళ్లకు నీలకంఠేశ్వరుడి జాతర ఉంటుంది. రంజాన్ నెల ఎప్పుడొస్తుందో చూసుకో, ఇఫ్తార్ వేళకు మనిషిని పిలవడం మర్యాద కాదు. ఐదింటికి మొదలుపెట్టి, ఎమ్మిగనూరు బస్సు అందేలా ముగించు.

నలభై మందికి మించి పిలవకు. ప్రతి ఒక్కరినీ ముందే కలిసి రెండు మాటలు రాసుకో: ఈయనకు ఏం కావాలి, ఈయన ఏం ఇవ్వగలడు. దానికి వారం పట్టినా పట్టనీ, అసలు కష్టం అక్కడే ఉంది. అది చేస్తే ఆ సాయంత్రం "ఈయన ఫలానా" అని వదిలేయకుండా, "నువ్వు వెతికే అద్దకం పని ఈయనకు తెలుసు" అని చేయి పట్టి కలపగలవు. మన వీధుల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నడుస్తాయి. మైకులో ఇంగ్లీషు ఒక్కటే నడిపితే సగం మంది నోరు కట్టేసినట్టే. అసలు మైకే వద్దంటాను.

ఉగ్గాణి, బజ్జీలు, టీ చాలు. ప్లేటు పట్టుకుని నిలబడినవాడు పక్కవాడితో మాట్లాడతాడు, బంతిలో కూర్చున్నవాడు విస్తరి వైపే చూస్తాడు. మందు మాత్రం వద్దు, ఒకసారి వచ్చిన ఆడపిల్లలు మళ్లీ రారు. ఖర్చంతా ఒక మిల్లుకే అప్పగిస్తే అది ఆ మిల్లు సభ అయిపోతుంది. తలా కొంత వేసుకోండి. ఇవ్వలేనివాళ్లను అడగకు, వాళ్లెవరో రెండో మనిషికి తెలియనీయకు.

మర్నాడు విశ్రాంతి అనుకోకు. ఎవరిని ఎవరితో కలిపావో పుస్తకం తీసి, వారంలోగా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కో. ఆగిన చోట నువ్వే వెళ్లి రెండోసారి కలుపు.

ఆ నేతగాడి కొడుకు ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడని విన్నాను. నీ పట్టీలో అతని పేరు మొదట రాయి. పిలుపు నేనే వెళ్లి చెప్పి వస్తాను. దుప్పట్లు తెమ్మంటాను. పరిచి చూపించుకోవడానికి వెలుతురు బాగా పడేచోట ఒక బల్ల వేయించు.

ఆశీస్సులతో,
మీ తాత