సున్నా వచ్చిన పేజీ

పుస్తకాలు చదువుకోవడానికే అని పెద్దవాళ్లు అనుకుంటారు గానీ, పిల్లలకి వాటితో ఇంకా చాలా పనులుంటాయి. నెమలీక దాచుకోవడం ఒకటి. అట్ట మీద తన పేరు తానే పదిసార్లు రాసుకుని మురిసిపోవడం ఒకటి. పుస్తకం క్రికెట్టు ఒకటి. మగపిల్లలున్న ఇంట్లో కాపురం చేసిన వాళ్లెవరికీ ఈ ఆట కొత్త కాదు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. కళ్లు మూసుకుని పుస్తకం ఎక్కడో ఒకచోట తెరవాలి. ఎడమవైపు పేజీ నంబరులో చివరి అంకె చూడాలి. రెండయితే రెండు పరుగులు, నాలుగయితే నాలుగు, ఆరయితే సిక్సరు. ఎనిమిది వస్తే ఒక పరుగు. ఈ ఎనిమిది సంగతి మాత్రం ఊరికో రకంగా ఉంటుంది, చారులో చింతపండులాగా. సున్నా వచ్చిందా, అవుటు.

ఎడమ పేజీకి ఎప్పుడూ సరిసంఖ్యే ఉంటుంది గనక వచ్చేవి అయిదే అంకెలు. అంటే అయిదు సార్లు తెరిస్తే ఒకసారి అవుటన్నమాట. కూర్చుని లెక్క కడితే ఒక్కో ఆటగాడికి సగటున 13 పరుగులు, పది వికెట్లకీ కలిపి జట్టుకి 130 తేలతాయి. అసలు తమాషా ఇక్కడే ఉంది. 125 టెస్టుల్లో 10,122 పరుగులు చేసిన గవాస్కరుకీ పదమూడే, 58 టెస్టుల్లో 242 వికెట్లు తీసి, పరుగులు మాత్రం మొత్తం మీద 167 తో సరిపెట్టుకున్న చంద్రశేఖరుకీ పదమూడే. పుస్తకానికి మనిషి మొహం తెలియదు. మన ఇళ్లలో వడ్డనకి కూడా ఇంత సమదృష్టి ఉంటే ఎంత బాగుండునో!

అమ్రాబాదు మా అత్తగారి ఊరు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దగ్గర పక్కకి తిరగాలి. ఇప్పుడంటే పులుల అభయారణ్యం పేరుతో అందరికీ తెలిసింది, జిల్లా కూడా నాగర్‌కర్నూలయింది. నేను చెప్పేది 1984 ఎండాకాలం మాట. కపిల్‌దేవ్ ప్రపంచకప్పు పట్టుకొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పిల్లలందరికీ అదే పూనకం. మా మరిది కొడుక్కి పదేళ్లు. చింతచెట్టు మీంచి పడి కాలికి కట్టు కట్టించుకుని మంచం మీద ఉన్నాడు. తోటిపిల్లలు ఎండనక వాననక తిరుగుతుంటే వీడికి దిక్కు సోషల్ పుస్తకం ఒక్కటే.

వాడు ఊరికే ఆడలేదు. ఎనిమిది జట్లు తయారుచేశాడు. అమ్రాబాదు, మన్ననూరు, పదర, అచ్చంపేట, లింగాల, బల్మూరు, ఉప్పునుంతల, కొల్లాపూరు. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఆడాలి. అవి 28 ఆటలు. పై నాలుగు జట్లకీ సెమీఫైనల్లు, ఆ తర్వాత ఫైనలు. ఆటకి సుమారు వందసార్లు పుస్తకం తెరవాలి కదా, మొత్తం మూడువేల పైచిలుకు. ఆ సోషల్ పుస్తకం వెన్నెముక విరిగిందంటే విరగదూ మరి! చదవడానికి అన్నిసార్లు తెరిచి ఉంటే కలెక్టరయ్యేవాడని మా మరిది గొణుక్కునేవాడు. అమ్రాబాదు జట్టులో మొదట బ్యాటు పట్టేది గవాస్కరూ, వాళ్ల నాయనా. పదకొండోవాడు బడిలో గంట కొట్టే అటెండరు. ఫలితాలన్నీ రూళ్ల నోటుబుక్కులో గీతలు కొట్టి రాసుకునేవాడు. అంత పొందికైన లెక్క నా పాలవాడి దగ్గర కూడా చూడలేదు.

సెమీఫైనల్లో అమ్రాబాదు 141, లింగాల 118. రెండో దాంట్లో అచ్చంపేట కొల్లాపూరుని ఓడించింది. ఫైనల్లో అచ్చంపేట 134 చేసింది. అమ్రాబాదుకి గవాస్కరు వస్తూనే సున్నా. వాళ్ల నాయనవి ఎనిమిది. ఎలాగో తొమ్మిది వికెట్లకి 129 దాకా లాక్కొచ్చారు. గంట కొట్టే అటెండరు అప్పటికే 41 మీద ఉన్నాడు. ఇంకో సిక్సరు పడితే కప్పు మనదే. ఇంటిల్లిపాదిమీ మంచం చుట్టూ చేరాం. వాడు కళ్లు మూసుకుని, లోపల ఏదో గొణుక్కుని పుస్తకం తెరిచాడు. 110 వ పేజీ.

వాడి మొహం చూడలేకపోయాం. మా అత్తగారికి మనసాగలేదు.

"మల్ల తెరువు బిడ్డా, ఎవలు జూశిండ్రు?" అంది.

"నేను జూశ్న గద నాయనమ్మా" అన్నాడు వాడు.

అని, కళ్లు తుడుచుకుంటూనే, 'అచ్చంపేట 5 పరుగులతో గెలిచినది' అని రాశాడు. మా అత్తగారు ఆ పూట వాడికి రెండు ముద్దలు ఎక్కువే తినిపించింది గానీ, "ఉత్త కాయితం మీద ఆటకి గింత పట్టింపేందో" అని రాత్రి దాకా విస్తుపోతూనే ఉంది.

ఆమె ప్రశ్న తేలికగా తీసెయ్యవలసింది కాదు. ఆ జట్లు లేవు, ఆ పరుగులు లేవు, అచ్చంపేటలో ఎవరికీ తాము గెలిచినట్టే తెలియదు. ఒక అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేకపోగా ఒక పిల్లవాడికి సంతోషం దొరుకుతున్నప్పుడు ఆ సున్నాకి తలవంచడం దేనికి? పాపభయమా అంటే కాదు. దేవుడు పుస్తకం క్రికెట్టు లెక్కలు చూస్తాడని వాడనుకోలేదు. నాకు తోచిందిది. మళ్లీ తెరిస్తే వాడికి కప్పు రాదు. ఆ క్షణాన మూడువేల సార్లు తెరిచిన పేజీలన్నీ ఉత్త పేజీలైపోతాయి. లింగాల మీద గెలిచిన గెలుపు కూడా పోతుంది. ఓటమిని ఓటమిగా రాస్తేనే ఆ గెలుపు గెలుపుగా మిగులుతుంది. పదేళ్లవాడికి ఈ మాటలు రావు గానీ, సంగతి తెలుసు.

వాడిప్పుడు అమెరికాలో స్థిరపడ్డాడు. నెత్తిన వెంట్రుకలు తగ్గాయి, ఆట మాత్రం తగ్గలేదు. అక్కడివాళ్ల ఆట బేస్‌బాలు కదా, దాన్ని కార్డుల మీద ఆడేది ఒకటుంది, స్ట్రాట్-ఓ-మాటిక్ అని. హాల్ రిచ్‌మన్ అనే ఆయన పదకొండేళ్ల వయసులో మొదలుపెట్టి, పెద్దయ్యాక 1961 లో అమ్మకానికి తెచ్చాడట. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు. ఆ ఏడాది అతను నిజంగా ఎలా ఆడాడో దాన్ని బట్టి ఆ కార్డు మీద అంకెలుంటాయి. మూడు పాచికలు వెయ్యాలి. ఒకటి ఎవరి కార్డులో ఏ వరస చూడాలో చెబుతుంది, బంతి కొట్టేవాడిదా, విసిరేవాడిదా అని. మిగతా రెండూ కూడితే ఏం జరిగిందో తెలుస్తుంది. మన పుస్తకంలాగా అందరికీ పదమూడు కాదు. కార్డు పూర్వకర్మ, పాచిక ఈ పూట అదృష్టం అనుకోండి. ఎంత మంచి కార్డయినా ఏడు ఆటల పోటీలో పాచిక తిరగబడితే చేసేదేమీ లేదు. అందుకే లీగంతా ముందు నడిచిన జట్టు ప్లేఆఫుల్లో చతికిలబడడం అక్కడ మామూలేనట.

వాళ్ల లీగులో వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్లో ఉంటారు. అందరూ ఒకచోట చేరడం కుదరదు. కనక ఎవరి సొంత మైదానం వంతయితే వాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కళ్లే రెండు జట్ల తరఫునా పాచికలు వేస్తారు. అవతలివాడు తన ఆటగాళ్లను ఎప్పుడు ఎలా దించాలో ముందే రాసి పంపుతాడు. వేసినవాడు ఫలితం పంపుతాడు. నమ్ముతారు. అంతే! ఉత్తరాల మీద ఆడుకునే రోజుల నుంచీ అక్కడ ఇదే పద్ధతట. కిందటేడు మావాడి జట్టు ప్లేఆఫుల్లో చెరో మూడు ఆటలతో ఏడో ఆట దాకా వెళ్లింది. ఆ ఏడో ఆట పాచికలు వీడింట్లో, వీడి భోజనాలబల్ల మీద, పెళ్లాం పిల్లలు నిద్రపోయాక, వీడి చేత్తోనే పడ్డాయి. ఓడిపోయాడు. ఓడిపోయానని అవతలివాడికి తానే కబురు పంపాడు.

"పెద్దమ్మా, గెలిచినోడు నా కంటె రెండు గంటలు లేటుగ లేశిండు, కప్పొచ్చిందని నేనే జెప్పిన" అని ఫోనులో నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం ఏడుపూ ఉంది, నాకు తెలియదా!

ఇలా ఒంటరిగా లీగులు నడుపుకున్న వాళ్లు సామాన్యులేం కాదు. జాక్ కెరువాక్ అనే పేరుపొందిన రచయిత చిన్నతనంలో మొదలుపెట్టిన కార్డుల బేస్‌బాలుని పెద్దయ్యాక కూడా వదల్లేదు. లేని ఆటగాళ్లకి పేర్లు, లేని జట్లకి పత్రికలు, అన్నీ తనే. రాబర్ట్ కూవర్ అయితే 1968 లో దీని మీద ఏకంగా నవలే రాశాడు. అందులో హెన్రీ వా అనే గుమాస్తా రాత్రిళ్లు వంటింటి బల్ల మీద పాచికలతో ఒక లీగు నడుపుతుంటాడు. అతనికి కొడుకులాంటి ఒక కుర్ర ఆటగాడుంటాడు, కాగితం మీదే సుమండీ. ఒకరోజు పాచికలు మూడూ ఒకట్లు పడతాయి. బంతి తగిలి ఆ కుర్రవాడు చనిపోయినట్టు లెక్క. హెన్రీ తట్టుకోలేడు. తర్వాత ఒక ఆటలో ఆ బంతి విసిరినవాడు చావాలంటే మూడూ ఆరులు పడాలి. పాచికని తన చేత్తో తిప్పి ఆరు చేస్తాడు. పగ తీరుతుంది, అతని లోకం మాత్రం ఇక అతని చేతిలో ఉండదు. మా అత్తగారు ఉండుంటే "పాపం" అని హెన్రీ పక్షానే మాట్లాడేది. నేనూ కాస్సేపు ఆ పక్షానే ఉన్నాను.

ఇంతవరకూ చదివి, పడ్డ పాచికకి కట్టుబడడమే ధర్మం అని నేను తేల్చేస్తున్నాననుకునేరు. అక్కడే నాకు చిక్కుంది.

మన ఇళ్లలోనూ పాచికలున్నాయి, పేరే వేరు. దేవుడి ముందు చీటీలు వెయ్యడం, తెల్లపువ్వు ఎర్రపువ్వు పొట్లాలు కట్టి పసిపిల్ల చేత తీయించడం. మా చిన్నాయన బిడ్డకి సంబంధం వచ్చినప్పుడు ఇలాగే చీటీలు వేశారు. ఒకదాంట్లో 'ఖాయం', ఒకదాంట్లో 'వద్దు'. చిన్నపిల్ల 'వద్దు' తీసింది. ఇంటి పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్ల ఎడంచెయ్యి పెట్టిందన్నారొకరు. దీపం కొండెక్కబోతుండగా తీసిందన్నారొకరు. సరే, మూడుసార్లలో రెండు ఏది వస్తే అది అన్నారు. తర్వాతి రెండూ 'ఖాయం' వచ్చాయి. నాలుగోది అవసరం లేకపోయింది గానీ, ఉంటే అదీ తీసేవారే. మా మరిది కొడుకు ఆ గదిలో ఉంటే లేచి వెళ్లిపోయేవాడు, ఇదేం ఆటని.

కానీ ఆ చీటీల్లో తప్పు మళ్లీ తియ్యడమా? మొదటిదానికే కట్టుబడితే అంతా సరిగ్గా ఉన్నట్టేనా? ఆ సంబంధం ఆ పిల్లకి ఇష్టమై ఉంటే మొదటి చీటీకి కట్టుబడడమే అన్యాయమయ్యేది కదా! దేవుణ్ణి అడిగారు, పసిపిల్ల చేతిని అడిగారు, పక్కగదిలో ఉన్న పెళ్లికూతుర్ని అడగలేదు. కొన్నేళ్లు గడిచాక ఒకసారి చింతకాయ దంచుతూ తనే అంది. "నన్నడిగితె ఒక్కసారే చెప్తుంటి గదక్కా!" ఏం చెప్పి ఉండేదో చెప్పలేదు. నేను అడగలేదు.

ధర్మరాజుని తలుచుకుంటే నాకు ఇదే గుర్తొస్తుంది. పడ్డ పాచికకి ఆయన కట్టుబడ్డంతగా ఎవరూ కట్టుబడలేదు. రాజ్యం పోయింది, తమ్ములు పోయారు, తాను పోయాడు, ఒక్కసారయినా మళ్లీ వెయ్యమని అడగలేదు. ఆ నిజాయితీకి నిండుసభలో ద్రౌపది నిలబడవలసి వచ్చింది. ఆమె అడిగిందేమిటి? ముందు తన్ను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని. శకుని పాచికల్ని గురించి కాదు, పందెం ఒడ్డే అధికారాన్ని గురించి అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని నీళ్లు నమిలాడు. వికర్ణుడొక్కడు, అవతలి పక్షంవాడు, ఆమె ఓడిపోలేదని లేచి చెప్పాడు. ధృతరాష్ట్రుడు భయపడో జాలిపడో పోయినవన్నీ తిరిగి ఇచ్చాడు. ఇచ్చిన కొద్దిసేపటికే మళ్లీ జూదానికి పిలిస్తే ధర్మరాజు మళ్లీ వచ్చి కూర్చున్నాడు, పన్నెండేళ్లు అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం మూటగట్టుకుని వెళ్లాడు. పిలిస్తే రానని అనలేకపోవడం కూడా ధర్మమేనా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

మావాడు తన ఆనందాన్ని తానే పందెం ఒడ్డాడు, తానే ఓడిపోయాడు, తానే రాసుకున్నాడు. అమెరికాలో అవతలివాడు కూడా తెలిసి కూర్చున్న మనిషే. వాళ్లు పాచికకి తలవంచితే చూడముచ్చటగా ఉంటుంది. పేజీ తెరిచేవాళ్లొకరు, అవుటయ్యేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు మాత్రం ఆ ముచ్చట నాకు కలగదు. అక్కడ ఒకసారి తెరిచారా మూడుసార్లు తెరిచారా అని లెక్కపెట్టడం కూడా నాకు దండగే అనిపిస్తుంది.

మా చిన్నాయన బిడ్డకి ఇప్పుడు ఎదిగిన కూతురుంది. ఈమధ్య దానికి ఒక సంబంధం వస్తే వాళ్లత్తగారు పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు పళ్లెం పెట్టి, రెండు చీటీలు చుట్టి, పక్కింటి పాపని పిలుచుకు రమ్మందట. ఇదొచ్చి ఆ పళ్లెం తీసి లోపల పెట్టేసిందట. "పిల్ల ఇంక కాలేజి నుంచి రాలేదు గదత్తమ్మా, సాయంత్రం బస్సుకి దిగుతది. వచ్చినంక అడుగుదాం" అందట.