మూడు తరాలు దాటినవారి ఉత్తరాలు

పితృకార్యంలో పేరూ గోత్రమూ చెప్పి పిలిచేది మూడు తరాలనే. తండ్రి వసురూపంలో, తాత రుద్రరూపంలో, ముత్తాత ఆదిత్యరూపంలో పిండం అందుకుంటారు. కొత్తగా పోయినవారికి సపిండీకరణం జరగగానే అప్పటిదాకా మూడో స్థానంలో ఉన్నవారు ఆ వరస నుంచి తప్పుకుంటారు. ఈ లెక్కన 1910 ప్రాంతంలో ఉత్తరాలు రాసుకున్నవాళ్లు ఇవాళ చాలా ఇళ్లలో ఏ తద్దినంలోనూ పేరు వినపడనివాళ్లు. శాస్త్రమే సెలవిచ్చి పంపినవారి కార్డుముక్కలనూ కళ్లజోళ్లనూ కుంకుమ భరిణెలనూ ట్రంకుపెట్టెలో దాచడం ఎందుకు? దేహమే విడిచిన బట్టలాంటిదని చెప్పే గీతను రోజూ పారాయణ చేసే ఇంట్లో ఇది మమకారం కాదా? ఈ ఆక్షేపణ గట్టిదే. పెట్టె తెరవకుండా, తాతలనాటివని చెప్పుకోవడానికే దాచుకున్నచోట అది మమకారమేనని ఒప్పుకోవాలి.

కాని మనిషి పుట్టుకతో మోసుకొచ్చే ఋణాలు మూడని తైత్తిరీయ సంహిత అంటుంది. పితృఋణం సంతానంతో, దేవఋణం యజ్ఞంతో, ఋషిఋణం బ్రహ్మచర్యంతో, అంటే గురువు దగ్గర చేసే అధ్యయనంతో తీరుతాయి. పాత ఉత్తరాలను మనం పితృఋణం కింద జమకట్టి పొరబడుతున్నామని నా అభిప్రాయం. అవి చదువుతో తీర్చవలసిన బాకీ. వడ్ల ధర అడుగుతూ రాసిన కార్డు వేదమా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. అయితే ముందువాళ్లకు తెలిసినది నువ్వులూ నీళ్లూ వదిలితే మనకు దక్కదు, చదివితేనే దక్కుతుంది. అక్కగారికి తమ్ముడు రాసే కార్డు ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని మొదలయ్యేది. ఆమె భర్త పోయాక అదే చెయ్యి, అదే సిరాతో ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని రాసేది. ఆ ఇంట్లో ఆమె బతుకు ఎంత మారిపోయిందో ఆ ఒక్క పంక్తి పట్టిస్తుంది. తద్దినం ఆమెను దేవతల వరసలో కూర్చోబెడుతుంది గాని, ఆమెకు ఏం జరిగిందో చెప్పదు. పితరులను గౌరవించడమంటే వాళ్లు పడ్డదీ, పెట్టిందీ రెండూ తెలుసుకోవడం కూడా. ఉత్తరాల కట్టలో లేనివి సైతం చదవాలి. శుభలేఖ అంచులకు పసుపు రాసి దాచేవారు. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చించేసి స్నానం చేసేవారు. అందుకే పెట్టెల్లో పెళ్లిళ్లే ఎక్కువ, చావులు తక్కువ. వరసగా వచ్చిన ఒక దస్తూరీ హఠాత్తుగా ఆగిపోవడమే ఒక్కోసారి ఆ కబురు.

ఒకరి పేర రాసిన ఉత్తరం మరొకరు చదవడం తప్పని ఇంకో మాట వస్తుంది. 1911 జనాభా లెక్కల్లో ఈ దేశంలో అక్షరాస్యులు నూటికి ఆరుగురే, స్త్రీలలో నూటికి ఒకరు. కాలణా కార్డును చాలాచోట్ల ఎవరో రాసిపెట్టారు, పోస్టుమానో పంతులో అరుగుమీద పైకి చదివి వినిపించారు. తర్వాత దాన్ని ఇనప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీశారు. నడిమధ్య తుప్పు మరకతో ఉన్న ఆ చిల్లు ఇప్పటికీ కనపడుతుంది. పదిమందీ విన్నదాన్ని మునిమనవలు చదివితే రహస్యభంగం కాదు. అయితే ‘చదివి చించెయ్యి’ అని రాసి ఉన్నదాన్ని మాత్రం, చరిత్రకు ఎంత పనికొచ్చేదైనా సరే, చించెయ్యాలనే అంటాను. పోయినవారు నోరు తెరిచి అడిగిన కోరిక అది.

ఇందులో తొందరా ఉంది. ఆ రాత చాలావరకు గొలుసుకట్టు. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ ఎడం లేకుండా సాగే ఆ పంక్తులను తడుముకోకుండా చదవగలవాళ్లు పెద్దవయసువాళ్లలోనే కొద్దిమంది మిగిలారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని విడి అక్షరాల్లో ఎత్తిరాసుకుంటే చాలు, ఆ తర్వాత కాగితం చెదలపాలైనా బాకీ మిగలదు. భరిణెలో చదవడానికేమీ లేదు గనక, రోజూ బొట్టు పెట్టుకునే మనవరాలెవరికైనా ఇచ్చెయ్యడమే సబబు.