వణికే సంతకం

వణికే చేతిని మనం తొందరపడి చదివేస్తాం. భయం, తప్పు, తాగుడు: మూడింట్లో ఏదో ఒకటి అనేసుకుంటాం. చేవెళ్ల, మొయినాబాద్ వైపు భూముల అగ్రిమెంట్లు రాసుకునే చోట ఇది చాలాసార్లు చూశాను. పెన్ను ఊగితే చాలు, "అమ్మడం ఇష్టం లేదేమో" అని ఒకరు, "పొద్దుగాల్నే తాగిండు" అని ఇంకొకరు.

పార్కిన్సన్స్‌లో ఎక్కువగా ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణుకుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో పని చేస్తున్న చెయ్యి వణుకుతుంది. రెండింట్లోనూ చిన్నమెదడు, థాలమస్, మోటార్ కార్టెక్స్ మధ్య తిరిగే సంకేతాలు ఒకే లయలో చిక్కుకుపోతాయి. థాలమస్‌లో ఒకచోట సన్నటి కరెంటు పంపితే వణుకు తగ్గుతుందని 1987లో ఫ్రాన్స్‌లో బెనాబిడ్ బృందం చూపించింది. తమాషా ఏంటంటే, ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్న చాలామందికి కాస్త మందు పడితే వణుకు కాసేపు తగ్గుతుంది!

మరి మనసుకి సంబంధమే లేదా? ఉంది. పదిమంది చూస్తుంటే వణుకు పెరుగుతుంది. అంటే ఆ వలయం పుర్రెతో ఆగిపోదు. సాక్షిగా వెళ్లి తేరిపార చూస్తున్న నేనూ అందులో ఒక తీగనే.

"చెయ్యి ఒణుకుతుంది బిడ్డా, మాట గాదు" అన్నాడొక పెద్దాయన. అప్పటికే పక్కవాళ్లు వేలిముద్ర వేయమంటున్నారు. సాయం చేద్దామనే అన్నారు. కానీ కష్టపడి సంతకం నేర్చుకున్న మనిషిని మళ్లీ వేలిముద్రకి తోసేయడం ఎంతవరకు సాయం? ఇంకో రెండు నిమిషాలు ఆగి, మనం చూపు పక్కకి తిప్పుకుంటే సరిపోయేది.