జాయిన్ ఫలితంలో ‘ఒకటి’ ఏది?

డేటాబేస్‌లో రెండు టేబుళ్లను జాయిన్ చేసినప్పుడు ఒకే ఖాతాదారుడి పేరు పలుమార్లు కనిపిస్తే దాన్ని క్వెరీ దోషంగా భావించడం పరిపాటి. అయితే ఫలితంలోని ఒక్కో వరుస దేనికి ప్రతినిధి అన్నది తేలనిదే అది దోషమో కాదో చెప్పలేము. ఉన్నవి రెండు వస్తువులా, ఒకే వస్తువుకు ఏర్పడిన రెండు సంబంధాలా అన్న ఈ విచికిత్స ప్రాచీన భారతీయ దార్శనికులైన న్యాయవైశేషికులకు చిరపరిచితమే.

1970లో ఐబీఎంకు చెందిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో టేబుల్ ఒక సమితి, అనగా పునరుక్తికి తావులేని సమూహం. దాని ఆధారంగా రూపొందిన ఎస్‌క్యూఎల్ మాత్రం పునరుక్తిని అనుమతించింది. ఒక ఖాతాదారుడికి 100, 200, 200 రూపాయల ఆర్డర్లు మూడూ, ఫోన్ నంబర్లు రెండూ ఉన్నాయనుకుంటే, ఆర్డర్ల, ఫోన్ల టేబుళ్లను ఖాతాదారుడి సంఖ్యతో కలిపినప్పుడు ప్రతి ఆర్డరూ ప్రతి ఫోనుతో జతపడి 6 వరుసలు ఏర్పడతాయి, 500 రావలసిన మొత్తం 1,000 అవుతుంది. వైశేషిక మతంలో సంయోగం, అంటే రెండు ద్రవ్యాల కలయిక, ఆ రెంటినీ ఆశ్రయించి ఉండే గుణం. చెట్టుపై రెండు కోతులున్నంత మాత్రాన సంయోగాలు రెండవుతాయే గాని చెట్లు రెండు కావు. ఆ 6 వరుసలూ సంయోగాలే, ఆర్డర్లు కావు.

డిస్టింక్ట్ అనే పదం చేర్చి పునరుక్తిని తొలగించడం, గుణాలన్నీ సమానమైతే వస్తువులు రెండు కావన్న తత్త్వవేత్త లైబ్నిజ్ సూత్రాన్ని తలపిస్తుంది. కాని అది పోల్చేది అన్ని గుణాలనూ కాదు, అడిగిన కాలమ్‌లను మాత్రమే. అందువల్ల మొత్తాల కాలమ్‌పై దాన్ని ప్రయోగిస్తే రెండో 200 కూడా మాయమై మొత్తం 300కు పడిపోతుంది. సజాతీయ పరమాణువులను వేరుచేసేందుకు వైశేషికులు ‘విశేషం’ అనే పదార్థాన్ని, అంటే ఒక ప్రత్యేక తత్త్వాన్ని, అంగీకరించారు; ఆ రెండు 200లను వేరుగా నిలిపే ప్రైమరీ కీ పని కూడా అటువంటిదే. అయితే విశేషం వస్తువులోనే ఉంటుంది, కీ మనుషులు ఇచ్చేది. ఒకే వ్యక్తి రెండుసార్లు నమోదైతే రెండు కీలు అతణ్ణి ఇద్దరిని చేస్తాయి, ఆ దోషాన్ని జాయిన్‌లో ఎంత వెదికినా దొరకదు.

కనుక ఆర్డర్ల మొత్తాన్ని ఖాతాదారుడి వారీగా ముందే లెక్కగట్టి ఆపై జాయిన్ చేయడం, ఫోన్ ఉన్నదీ లేనిదీ మాత్రమే తెలియవలసినప్పుడు జాయిన్‌కు బదులు ఎగ్జిస్ట్స్ వాడటం సరైన పద్ధతులు. ద్విత్వం, అనగా రెండు అనే సంఖ్య, ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అని గ్రహించే అపేక్షాబుద్ధి వల్ల పుడుతుందని వైశేషికులు చెప్పారు; క్వెరీ విషయంలో ఆ బుద్ధి యంత్రానికి లేదు గనుక, లెక్కకు ముందే ఏది ‘ఒకటి’ అని నిర్ణయించవలసిన బాధ్యత క్వెరీ రాసేవారిదే.